డబ్బు కాదు, పేరే

మలేసియాలో మా ఊరు బంటింగ్‌లో తెలుగు సంఘం వాళ్ళు ఒక ఆదివారం పొద్దున్న హాలు మాట్లాడి, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలకి డబ్బు జాగ్రత్తలు చెప్పించారు. నన్నెవరూ పిలవలేదు. డెబ్భై దాటినవాడికి పొదుపు నేర్పి ఏం లాభం అనుకున్నారేమో. మా మనవరాలు వెళ్తుంటే నేనూ చొక్కా తొడుక్కుని వెంట వెళ్ళి ముందు వరసలోనే కూర్చున్నాను.

చెప్పడానికి వచ్చిన అబ్బాయి తెలంగాణ నుంచి వచ్చి కౌలాలంపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నవాడు. మర్యాదస్తుడే. తెర మీద గుండ్రటి బొమ్మ ఒకటి వేసి, జీతాన్ని మూడు ముక్కలు కోశాడు. ఈ ముక్క తిండికీ అద్దెకీ అన్నాడు, ఈ ముక్క సరదాలకీ అన్నాడు, ఈ ముక్క దాచుకోవడానికీ అన్నాడు. రోజూ బయట కొనుక్కునే కాఫీ మానేస్తే ముసలితనానికి ఎంత పోగవుతుందో కూడా చూపించాడు. పిల్లలు ఫోన్లు పైకెత్తి తెరను ఫొటోలు తీసుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ బతుకులో కాఫీ తాగి చెడిపోయినవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు. చెడిపోయినవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళు చెడింది కాఫీ వల్ల కాదు, సొంతవాళ్ళు అడిగారని సంతకం పెట్టడం వల్ల. ఆ గుండ్రటి బొమ్మలో సంతకానికి ముక్కేదీ?

ప్రశ్నలుంటే అడగమన్నారు. లేచి నిలబడ్డాను.

"బాబూ, సొంత మేనమావ ఇంటికొచ్చినాడనుకో. నా పేరు బ్యాంకులో సెడిపోనాది, నీ పేరు మీద వ్యాను తీసుకుంటాను, నెల నెలా నానే కట్టుకుంటాను అన్నాడనుకో. ఈ పిల్లలు ఏటని సెప్పాలి?"

హాలంతా నవ్వారు. అబ్బాయి మాత్రం నవ్వలేదు. కాస్త ఆలోచించి, అలాంటి చోట హద్దులు పెట్టుకోవాలి అంకుల్ అన్నాడు. ఎక్కడ పెట్టాలి నాయనా ఆ హద్దు? మేనమామ చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి వస్తాడు, మూత తీసి కూరేమిటో చూస్తాడు. గుమ్మంలో పెట్టాలా, పొయ్యి దగ్గర పెట్టాలా? అదే అడగబోయాను గానీ సంఘం వాళ్ళు అప్పటికే మైకు నా చేతిలోంచి తీసుకున్నారు.

నవ్వనివాళ్ళు ఇంకొకరు కూడా ఉన్నారు. మా మనవరాలు. తల వంచుకుని చేతిసంచీ పట్టీని వేలికి చుడుతూ కూర్చుంది. ఎందుకంటే ఆ మేనమామ నేను కల్పించినవాడు కాదు. మా కోడలి తమ్ముడే. మరుసటి ఆదివారం మధ్యాహ్నం కాగితాలు పట్టుకుని వస్తానని అప్పటికే ఫోను చేసి ఉన్నాడు.

టీ దగ్గర ఆ అబ్బాయి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పక్కన ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు.

"అంకుల్, మీరడిగింది మంచి ప్రశ్ననే. నా పేరు మీద కూడా వరంగల్‌ల ఒక కారు తిరుగుతున్నది. మా బావది."

మరి అది చెప్పవేం ఆ తెర మీద అన్నాను. సంఘం వాళ్ళు పెట్టే వీడియో బావ చూస్తాడు అంకుల్ అన్నాడు. ఇదండీ సంగతి. తెలిసినవాడు చెప్పలేడు, చెప్పేవాడికి ఎదురుగా బావ ఉంటాడు.

మనవరాలి సంగతి చెప్పాలి. పోర్ట్ క్లాంగ్‌లో ఓడల సరుకు పంపించే ఒక ఆఫీసులో పని. తెల్లవారకముందే లేచి, మా ఇంటి నుంచి క్లాంగ్ దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. సాయంత్రం మళ్ళీ అదే దారి. వర్షం పడితే ఇంటికి చేరేసరికి అన్నం చల్లారిపోయేది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆ పిల్లకి ఒకటే కోరిక: క్లాంగ్‌లో రైలు స్టేషనుకి దగ్గర్లో, పాతదైనా సరే, ఒక చిన్న ఫ్లాటు. లిఫ్టు లేకపోయినా ఫరవాలేదంటుంది. స్నేహితురాళ్ళు వాయిదాల మీద ఫోన్లు మార్చుకుంటూ ఉంటే, ఇది అద్దం చిట్లిన ఫోనుతోనే తిరుగుతూ బయానాకి డబ్బు కూడబెట్టుకుంది. నాలుగో అంతస్తులో ఒక ఫ్లాటు చూసుకుంది కూడా. ఇక బ్యాంకు అప్పు ఇవ్వడమే తరువాయి. ఇచ్చే ముందు బ్యాంకు చూసేది ఒకటే, ఈ పేరు మీద ఇంకేం బరువు ఉంది అని. వ్యాను అప్పు ఆ పేరు మీద కూర్చుంటే ఇల్లు లేదు. ఒక్క వాయిదా తప్పితే ఇక ఏళ్ళ తరబడి లేదు. ఇది నాకు తెలుసు, దానికి నాకంటే బాగా తెలుసు.

ఆ మేనమామ దుర్మార్గుడైతే ఈ గొడవే లేదు. తలుపు వేసేసి ఊరుకునేవాణ్ణి. నా చిరాకంతా అతను మంచివాడైనందుకే. మా అబ్బాయి మోటార్‌సైకిల్ మీంచి పడి కాలు విరిగి మంచంలో ఉన్న రోజుల్లో వారం వారం బియ్యం, నూనె, పాల డబ్బాలు తన పాత వ్యానులో వేసుకొచ్చి, ఎవరికీ చెప్పకుండా వంటింట్లో దించి వెళ్ళేవాడు. పిల్ల పెద్దమనిషయినప్పుడు మేనమామ లాంఛనంగా పట్టుచీర, మెడలోకి గొలుసు తెచ్చాడు. ఆ గొలుసు కోసం తన గొలుసు కుదువ పెట్టాడని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. అలాంటి మనిషి. ఫ్యాక్టరీల నుంచి సరుకు తీసుకెళ్ళి దుకాణాలకి దించడం అతని వ్యాపారం. మహమ్మారికి ఊళ్ళన్నీ మూసేసిన రోజుల్లో వ్యాపారం నిలిచిపోయి, వాయిదాలు తప్పి, బ్యాంకు వాళ్ళు వ్యాను పట్టుకుపోయారు. పేరు చెడింది. అప్పటి నుంచి ఇంకొకరి లారీ నడుపుతున్నాడు. ఇప్పుడు ఒక ఫ్యాక్టరీ వాళ్ళు పని ఇస్తామన్నారట, సొంత వ్యాను ఉండాలన్నారట.

ఇంకో సంగతి. అతనికి ఆడపిల్ల సొమ్ము ముట్టుకోవడమంటే మహాపాపం. ఇది మనవాళ్ళలో పాత పట్టింపే గానీ, అతని దగ్గర మరీ ఎక్కువ. మనవరాలు మొదటి జీతంతో అతనికి ఒక చొక్కా కొంది. చొక్కా తీసుకున్నాడు, కళ్ళకద్దుకున్నాడు, వెళ్ళేటప్పుడు దాని ఖరీదుకి రెట్టింపు దాని చేతిలో కుక్కి వెళ్ళాడు. హోటల్లో అది తన టీకి డబ్బిస్తే అక్కడే దెబ్బలాడతాడు. మేనకోడలి చేత ఖర్చు పెట్టిస్తే తనకి అరగదంటాడు.

ఆ వారమంతా మా ఇంట్లో ఏం జరిగిందో రాయాలంటే చెయ్యి ఆడదు. కోడలు నాతో సరిగా మాట్లాడలేదు. హాల్లో నలుగురి ముందు తన పుట్టింటి పరువు తీశానని కోపం. నేను పేరు చెప్పలేదే అంటే, చెప్పక్కర్లేదు, బంటింగ్‌లో ఎంతమందికి వ్యాను పోయిందని ఎదురడిగింది. అందులో న్యాయముంది, కాదనను. తర్వాత తన తమ్ముడు చేసిన సాయాలన్నీ పేరు పేరునా చెప్పింది. అన్నీ నిజాలే. చివరికి అసలు మాట అంది.

"మావా, ఆడు డబ్బడిగినాడేటి? డబ్బు కాదు కదా. పేరే."

అక్కడ నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. చెయ్యి కడుక్కుని వెనక పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను. అరవై ఏళ్ళ కిందట, ఇక్కడికి ఎంతో దూరాన, అచ్చంగా ఈ మాటే ఇంకొక నోట విన్నాను.

సుంగై సిపుట్ దగ్గర ఒక రబ్బరు తోటలో మా నాన్న కిరాణీ. కిరాణీ అంటే తోట ఆఫీసులో గుమాస్తా, పాలు గీసేవాళ్ళ హాజరూ కూలీ రాసేవాడు. నెల జీతగాడు, ఇంగ్లీషులో సంతకం పెట్టగలిగినవాడు. తోట గేటు బయట చీనావాడి సరుకుల దుకాణం ఉండేది. బియ్యం, ఎండుచేపలు, దీపావళి బట్టలు, పెళ్ళి ఖర్చులు, అన్నీ అక్కడే అరువు. పెద్ద అరువైతే ఊరికే ఇచ్చేవాడు కాదు. కిరాణీ జామీను ఉండాలనేవాడు. తోటలో ఉన్నది ఎక్కువగా తమిళులు, మధ్యలో మన తెలుగు ఇళ్ళు కొన్ని. ఆ కొన్ని ఇళ్ళకీ దుకాణంలో పలికే పేరు మా నాన్నదే. సాయంత్రం వసారాలోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. ఆయన కాదనేవాడు కాదు. మా అమ్మ లోపలి నుంచి గొణిగితే, ఏం పోతుందే, డబ్బు కాదు కదా, పేరేనే అనేవాడు.

పోయింది. తోటను ముక్కలు చేసి అమ్మేశారు. కొన్నవాళ్ళకి ఇంతమంది కూలీలు అక్కర్లేదు. ఇళ్ళు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి. కొందరు చెప్పి వెళ్ళారు, కొందరు చెప్పకుండా వెళ్ళారు. వాళ్ళనీ ఏమనగలం, కడుపు చేత పట్టుకుని పోయినవాళ్ళు. దుకాణంవాడు అరవలేదు, తిట్టలేదు. మా వసారాలోకే వచ్చి కుర్చీలో కూర్చుని అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, ఎంతో మర్యాదగా, కిరాణీగారూ మీ పేరు ఉంది కదా అన్నాడు. నాన్న ఏళ్ళ తరబడి కట్టాడు. నేను బళ్ళో ఆరో తరగతి అవగానే పేరు కొట్టించి, నన్ను రబ్బరు పొగబెట్టి ఆరబెట్టే పాకలో పనికి పెట్టాడు. పంతులు ఇంటికి వచ్చి, కుర్రాడు చదివేవాడండీ అని చెప్పి చూశాడు. నాన్న తలెత్తలేదు.

నా చదువు అంతటితో సరి. ఆ తర్వాత నేర్చుకున్నదంతా నాకు నేనే నేర్చుకున్నాను. సరుకులు చుట్టిచ్చిన ఇంగ్లీషు పేపర్లు చదివాను. నిఘంటువు పక్కన పెట్టుకుని వాయిదా అగ్రిమెంట్లలో చీమలంత అక్షరాలు చదివాను. బ్యాంకువాడు ఇక్కడ సంతకం పెట్టండి అన్నప్పుడు, ఆగు బాబూ అని మొత్తం చదివి గానీ కలం తీసేవాణ్ణి కాదు. వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కునేవాళ్ళు. విసుక్కోనీ.

నాన్న పోయినప్పుడు, చెప్పకుండా వెళ్ళిపోయిన ఆ ఇళ్ళవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఆయన దేవుడు అని ఏడ్చారు. నేను వింటూ నిలబడ్డాను. ఇన్నేళ్ళూ ఈ దేవుడికి హుండీ ఎవరు నింపారో అడగాలనిపించింది. శవం ఇంట్లో ఉండగా అడిగే మాట కాదని ఊరుకున్నాను. ఇవాళ్టికీ ఆ మాట గొంతులోనే ఉంది.

ఇదంతా మనవరాలికి ఎన్నోసార్లు చెప్పాను. ఆ వారం మళ్ళీ చెప్పాను. శుక్రవారం సాయంత్రం అది బస్సు దిగి వస్తుంటే ఎదురెళ్ళి, దారి పొడుగునా చెప్పాను. సంతకం పెట్టావో నీకు ఇల్లు ఉండదు, నీ పేరు నీది కాకుండా పోతుంది అన్నాను. మనకి మొహమాటం మీద ఒక సామెత ఉంది. ఆడపిల్ల ముందు అనేది కాదు గనక మింగాను. అది నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడటం తక్కువ. కోపమొస్తే మాత్రం తెలుగే వస్తుంది, చివర మలాయ్ వాళ్ళ 'లా' తగిలించుకుని.

"తెలుసు, తాతా. అన్నీ తెలుసు, లా. ఎందుకు వద్దో నువ్వు వంద సార్లు చెప్పినావు. ఎలా వద్దనాలో ఒక్కసారి చెప్పు. మామ మొహం చూసి ఎలా చెప్పాలి? అది నేర్పు."

 నాకు తెలిసింది అరవడమే. అరిస్తే సంతకం తప్పుతుంది, నిజమే. అరిచేది నేను, పోయేది కోడలికి తమ్ముడు, పిల్లకి మేనమామ. వాళ్ళమ్మ మొహం రోజూ చూడాల్సింది ఆ పిల్ల. హద్దులు పెట్టుకోమన్న ఆ తెలంగాణ అబ్బాయిని వారమంతా తిట్టుకున్నాను గానీ, నేను చెప్పిందీ అదే, గట్టిగా చెప్పానంతే. 

ఆదివారం అతను చెప్పిన వేళకే వచ్చాడు. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, మనవరాలు కొనిచ్చిన ఆ చొక్కానే వేసుకుని వచ్చాడు. వస్తూ వస్తూ వేడి వడలు పొట్లం కట్టించుకొచ్చాడు. వంటింట్లోకి వెళ్ళి, ఏటప్పా వండినావు అని అక్కగారిని పలకరించాడు. నాకు దణ్ణం పెట్టి, మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయని అడిగాడు. తర్వాత వ్యాను అమ్మేవాళ్ళిచ్చిన కాగితాలు బల్ల మీద పరిచి, జేబులోంచి కలం తీసి వాటి మీద పెట్టాడు. ఆ కలం కూడా కొత్తదే.

"అమ్మడూ, ఇక్కడొకటి, ఇక్కడొకటి. అంతే. మిగతాదంతా మావ సూసుకుంటాడు."

నేను ఊరుకోలేకపోయాను. ముందు పోయిన వ్యాను సంగతేమిటని అడిగాను. అతని మొహం కందిపోయింది గానీ గొంతు పెంచలేదు.

"మావగారూ, ఊళ్ళన్నీ మూసీసినారు. బండి ఆడనిస్తే కదా కట్టడానికి? నాను తాగి పోగొట్టినానేటి, ఆడి పోగొట్టినానేటి? నా తప్పేటో మీరే సెప్పండి."

ఏం చెప్పను? అతని తప్పేమీ లేదు. మా నాన్న తప్పు మాత్రం ఏముంది, ఆ తోట కూలీల తప్పు ఏముంది. ఎవరి తప్పూ లేకుండానే అప్పు మాత్రం ఉంటుంది. ఈ మాట అందామని నోరు తెరిచేలోగా మనవరాలు లేచింది. తాతా, నువ్వు ఉండు, నేను మాటాడతాను అని లోపలికి వెళ్ళింది.

వచ్చేటప్పుడు దాని చేతిలో పండగలకి తీసే ఇత్తడి పళ్ళెం ఉంది. అందులో తమలపాకులు, రెండు అరటిపళ్ళు, ఒక కవరు. మేనమామకి బట్టలు పెట్టినప్పుడు ఎలా ఇస్తారో అలాగే వంగి అతని ముందు పెట్టింది.

"మామా, ఇది ఇల్లు కోసం దాచినాను. నీకు ఇస్తాను. మళ్ళీ ఇవ్వొద్దు. పాత వ్యాన్ చూసుకో."

అతను నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఏటమ్మా ఇది? ఆడపిల్ల సొమ్ము తినీవోడి లాగ కనపడతన్నానేటి నీకు? మా అమ్మ నాకా బుద్ధి నేర్పనేదు. తీయ్. తీసీ లోపలెట్టు ముందు."

"సరే మామా." పళ్ళెం తియ్యలేదు. అక్కడే కింద కూర్చుంది. "ఒక నెల వ్యాన్‌కి పని లేదనుకో. నువ్వు కట్టలేదు. బ్యాంక్ ఎవరిని అడుగుతాది?"

"నన్నే..." అని ఆగాడు.

"నన్ను, లా. నా పేరు కదా. అప్పుడు నా జీతంలో నేను కడతాను. అది ఆడపిల్ల సొమ్ము కాదా, మామా?"

అది వెటకారంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవడానికి అడిగినట్టు అడిగింది. అతను పళ్ళెం వంక చూశాడు, కాగితాల వంక చూశాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ మా కోడలు చేతిలో గరిటెతోనే అక్కడ పీట మీద కూర్చుండిపోయింది. మేనకోడలి చేత టీకి డబ్బు ఇప్పించని మనిషి, ఏడేళ్ళ వాయిదాలకి దాని జీతాన్ని పూచీ పెట్టుకోవడానికి కొత్త కలం కొనుక్కుని వచ్చాడు. ఆ రెండూ ఒకటేనని అతనికెప్పుడూ తోచలేదు. చెప్పొద్దూ, నాకూ తోచలేదు. అరవై ఏళ్ళుగా నేను సంతకాన్ని తిడుతూ వచ్చాను గానీ, దాన్ని ఇలా పళ్ళెంలో పెట్టి చూపించొచ్చని తెలియదు.

అతను కాగితాలు మడిచాడు. వడలు చల్లారిపోతున్నాయి తినండి అన్నాడు. తను ఒక్కటీ తినలేదు. టీ మాత్రం చివరి దాకా తాగాడు, తాగకుండా వెళ్తే అక్క బాధపడుతుందని. వెళ్ళేటప్పుడు ఎప్పటిలాగే మనవరాలి చేతిలో ఒక నోటు పెట్టాడు. ఈసారి దాని మొహంలోకి చూడలేదు. కలం బల్ల మీదే మర్చిపోయాడు.

అతను వెళ్ళాక అడిగాను, ఒకవేళ ఆ కవరు తీసుకుని ఉంటే ఏం చేసేదానివని. బయానా పోయేది కదా, ఫ్లాటు ఇంకొకరికి పోయేది కదా అన్నాను.

"ఇచ్చేసేదాన్ని తాతా. డబ్బు మళ్ళీ వస్తాది."

మూడు ముక్కల గుండ్రటి బొమ్మ గీసేవాళ్ళు, ఈ మాట ఆ బొమ్మ మీద అడ్డంగా రాసి పెడితే బాగుండును.

ఆ తర్వాత రెండు మూడు నెలలు అతను మా ఇంటి వైపు రాలేదు. కోడలు నాకు వేళకి అన్నం పెట్టింది, మాత్రలు ఇచ్చింది, అంతకు మించి ఒక్క మాట లేదు. కూతుర్ని ఏమీ అనలేక ఆ కోపం కూడా నా కంచంలోనే వడ్డించింది. నిజానికి ఆ రోజు నేను చేసిందేమీ లేదు, అడ్డం తిరిగిన ముసలాడి పేరు మాత్రం నాకే వచ్చింది. ఇల్లన్నాక ఎవరో ఒకరి పేరు చెడాలి కాబోలు. మా అబ్బాయి మధ్యలో కూర్చుని టీవీ చూశాడు. వాడి పద్ధతి వాడిది.

బ్యాంకు మనవరాలికి అప్పు ఇచ్చింది. పాత ఫ్లాటు, నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. కిటికీలోంచి చూస్తే రైలు కనిపిస్తుంది. పాలు పొంగించే రోజుకి రమ్మని మేనమామకి అదే స్వయంగా వెళ్ళి చెప్పి వచ్చింది. వస్తాడో రాడో అని కోడలు ఆ వారమంతా ఫోను చేతిలోనే పట్టుకుని తిరిగింది.

వచ్చాడు. బంటింగ్ నుంచి మమ్మల్నీ, మంచాన్నీ, బట్టల బీరువానీ, మా ఆవిడ కాలపు రుబ్బురోలునీ ఎక్కించుకుని మరీ తీసుకెళ్ళాడు. దేంట్లో అంటే, మెరిసిపోతున్న కొత్త తెల్ల వ్యానులో. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. ఇదెలా వచ్చిందని అడగబోయి, ఆ మంగళకరమైన పూట ఎందుకని ఊరుకున్నాను. బీరువాని నాలుగు అంతస్తులూ తనే ముందుండి మోశాడు. రెండో వైపు పట్టుకున్నది అతని అన్న కొడుకు, ఇరవై రెండేళ్ళవాడు, ఫ్యాక్టరీలో కొత్తగా చేరాడు. పాలు పొంగాయి. మేనమామ పీట మీద మేనమామ కూర్చున్నాడు. మనవరాలు అతనికి బట్టలు పెట్టింది, అతను దాని నెత్తిన చెయ్యి పెట్టాడు. కోడలు కళ్ళు తుడుచుకుంటూ, ఇన్ని నెలల తర్వాత నాకు అడగకుండానే రెండోసారి పాయసం పోసింది.

భోజనాలయ్యాక వరండాలో ఆ కుర్రాడు గాలికి నిలబడి ఉంటే పక్కన చేరాను. వ్యాను బాగుందిరా, మీ చిన్నాన్నకి బ్యాంకు ఇచ్చిందా అన్నాను. లేదు తాతా, నా పేరు మీదే అన్నాడు, చాలా సంతోషంగా.

"ఆడపిల్ల సొమ్ము అయితే పాపం గానీ, నువ్వు మగోడివిరా అన్నాడు సిన్నాన్న. అయినా డబ్బేటి అడిగినాడు తాతా? పేరే కదా."

 కింద రైలు వెళ్తోంది. మనవరాలు చెప్పిన పాఠం మేనమామకి అందింది. అందుకోవలసిన చోట కాకుండా పక్కన పట్టుకున్నాడు, అంతే. లోపల మనవరాలు తన సొంత సింకులో గిన్నెలు కడుక్కుంటూ పాట పాడుకుంటోంది. ఈ సంగతి దానికి ఆ రోజు చెప్పలేదు. ఎదురుగా ఉన్న కుర్రాడికేమో ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలో నాకు తెలియలేదు. ఆ పొగ పాక నుంచా, దుకాణంవాడి కాఫీ నుంచా? అప్పటికే సంతకం అయిపోయినవాడికి ఏ కథ చెబితే ఏం లాభం? ఎప్పుడైనా నెల తప్పితే దాచకుండా వచ్చి నాకు చెప్పు, బ్యాంకు కాగితం పట్టుకుని రా, చదివి పెడతాను అన్నాను. సరే తాతా అని నవ్వి, ఫోను మోగితే మెట్లు దిగిపోయాడు.

సాయంత్రం ఆదివారపు బస్సులు దొరకవని, దొరికినా ఆ మోకాళ్ళతో ఎక్కలేనని కోడలు తేల్చేసింది. ఆ వ్యానులోనే ముందు సీట్లో కూర్చోబెట్టారు. ప్లాస్టిక్ కవరు ఒంటికి అంటుకుంటూ ఉంది. దారంతా అతను గుంత వచ్చిన ప్రతి చోటా నెమ్మది చేశాడు, నా నడుము కోసం. ఏసీ చల్లగా ఉందేమోనని రెండుసార్లు అడిగాడు. మంచివాడు, నేను చెప్పానుగా.

బంటింగ్ దగ్గరపడుతుంటే ఇక ఆగలేక అడిగాను, వాయిదా కడుతున్నావా అని.

"కట్టీసినాను మావగారూ," అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఈ నెలకి."